నరాలను కాపాడుతూ మలాశయ క్యాన్సర్ శస్త్రచికిత్స: ఏమి ఆశించవచ్చు, ఏమి అడగాలి?

ప్రశ్న: మావారి వయస్సు 51. మలాశయంలో, మలద్వారం నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తున, ముందు గోడకు కొంచెం ఎడమ పక్కగా క్యాన్సర్ గడ్డ ఉన్నట్లు తేలింది. 25 సిట్టింగుల రేడియేషన్, దానితోపాటు కీమోథెరపీ మాత్రలు పూర్తయ్యాయి. ఇంకో మూడు వారాల్లో ఆపరేషన్. సర్జన్ గారు "వీలైనంతవరకు నరాలు కాపాడుతూ చేస్తాం" అని ఒక్క మాటలో చెప్పి సంతకానికి కాగితం ముందుంచారు. ఇదే ఆపరేషన్ లోగడ చేయించుకున్న బంధువు ఒకాయన, ఇక మూత్రం గొట్టంతోనే పోవాలని, దాంపత్య జీవితం ముగిసినట్టేనని చెప్పినప్పటి నుంచి మావారు మనసు విప్పి మాట్లాడటం మానేశారు. నిన్న రాత్రి ఆపరేషనే వద్దన్నారు. ఈ సంగతి డాక్టర్ గారి ముందు ఎత్తడానికి నాకు నోరు రాలేదు. నరాలు కాపాడటమంటే ఏమిటి? వాటి కోసం చూసుకుంటే క్యాన్సర్ లోపల మిగిలిపోదా? రోబోతో చేయిస్తే మంచిదా? తరువాత ఆయన జీవితం ఎలా ఉంటుంది? ఆయనతో ఈ మాట ఎలా మొదలుపెట్టను?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో "నోరు రాలేదు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ శస్త్రచికిత్సకు వచ్చే దంపతుల్లో చాలామంది ఆ మాట అడగకుండానే సంతకం పెట్టి వెళ్ళిపోతారు. ఆరు నెలల తరువాత ఇబ్బంది ఎదురైతే అది తమ ఒక్కరికే వచ్చిందనుకొని లోలోపల కుమిలిపోతారు. మీరు ముందే అడిగారు. అందువల్ల చేయగలిగినది ఇంకా చాలా ఉంది.

మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. సరిగా చేసిన శస్త్రచికిత్సలో నరాలను కాపాడినందువల్ల క్యాన్సర్ మిగిలిపోదు. క్యాన్సర్‌ను శుభ్రంగా తీయాలంటే సర్జన్ ఏ పొర వెంట వెళ్ళాలో, నరాలకు దెబ్బ తగలకుండా ఉండాలన్నా ఆ పొర వెంటే వెళ్ళాలి. ఈ రెండు దారులూ విడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మీవారి గడ్డ అలాంటి చోటికి దగ్గరగా ఉంది కనుక దాన్ని గురించీ దాచకుండా చెబుతాను.

మలాశయం పెద్దప్రేగుకు చివరి భాగం, సుమారు 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని వెనుకా పక్కలా కొవ్వు ఒక మెత్తలా అమరి ఉంటుంది. మలాశయానికి రక్తం తెచ్చే నాళాలు, క్యాన్సర్ మొదట పాకే లింఫు గ్రంథులు ఆ కొవ్వులోనే ఉంటాయి. మీసోరెక్టమ్ అనే ఈ భాగాన్నంతటినీ ఒక పలుచని పొర సంచిలా చుట్టి ఉంచుతుంది. మూత్రాశయానికి, జననాంగాలకు వెళ్ళే నరాలు సరిగ్గా ఆ సంచికి బయట, దాన్ని ఆనుకొని కిందికి దిగుతాయి. ఈ ఇరుగుపొరుగుతనమే కష్టమంతటికీ మూలం.

ఆ నరాలు రెండు రకాలు. మొదటివి సింపథెటిక్ నరాలు. ఇవి వెన్నుపాములో నడుముకు పైభాగం నుంచి బయలుదేరి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని రెండుగా చీలే చోటు మీదుగా వచ్చి, తలకిందులు చేసిన "వై" ఆకారంలో కుడి ఎడమలుగా విడిపోయి కటిలోకి, అంటే తుంటి ఎముకల నడుమ ఉన్న గుంటలోకి దిగుతాయి. మూత్రాన్ని నిలిపి ఉంచడం, స్ఖలన సమయంలో వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోకుండా బయటికి రావడం వీటి పని. రెండోవి పారాసింపథెటిక్ నరాలు. ఇవి వెన్నెముక కింది భాగంలోని త్రికాస్థి అనే ఎముకలో 2, 3, 4 రంధ్రాల నుంచి వచ్చి కటి పక్కగోడల మీద సింపథెటిక్ నరాలతో కలిసి ఇరువైపులా ఒక్కొక్క వలలా అల్లుకుంటాయి. అంగస్తంభనకు రక్తం వచ్చేలా చేసేవీ, మూత్రాశయం ముడుచుకొని ఖాళీ అయ్యేలా చేసేవీ ఇవే. అందుకే ఈ ఆపరేషన్ తరువాత వచ్చే ఇబ్బందులు అందరిలో ఒకే తీరుగా ఉండవు. పైన ఎక్కడో దెబ్బ తగిలితే స్తంభన బాగానే ఉండి వీర్యం బయటికి రాకపోవచ్చు. కింద, పక్కల దెబ్బ తగిలితే స్తంభన తగ్గుతుంది, మూత్రం నిలిచిపోతుంది. ఇక లైంగిక స్పర్శను, భావప్రాప్తిని మోసుకువెళ్ళే నరం వేరే దారిలో, ఈ సంచికి దూరంగా వెళుతుంది. మలద్వారాన్ని ఉంచి చేసే శస్త్రచికిత్సలో దానికి సాధారణంగా ఏమీ కాదు. స్తంభన తగ్గినవారిలో కూడా కోరిక, స్పర్శలోని సుఖం మిగిలి ఉండటానికి కారణం ఇదే. మీవారికి ఈ ఒక్క సంగతి తెలిసినా ఆయన భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం.

ఆ దారి సర్జన్ కంటికి ఎలా కనిపిస్తుందో చెబుతాను. మలాశయాన్ని సున్నితంగా ముందుకు లాగి పట్టుకున్నప్పుడు, దాని వెనుక, సంచి పొరకూ త్రికాస్థి ఎముక మీది పొరకూ నడుమ, ఏకిన దూదిలాంటి తెల్లని కణజాలం తెరుచుకుంటుంది. అక్కడ రక్తనాళాలు దాదాపుగా ఉండవు కనుక కోసినా రక్తం రాదు. దూది పింజ విడివడినట్లు దారి దానంతట అదే తెలుస్తుంది. రెండు పక్కలా తెల్లని నూలుపోగుల్లా నరాలు కనిపిస్తాయి. కత్తెర కొద్దిగా బయటికి జరిగితే నరం తెగుతుంది, కొద్దిగా లోపలికి జరిగితే సంచి చిరిగి క్యాన్సర్ ఉన్న కొవ్వు లోపల మిగులుతుంది. నరం తెగనక్కర లేదు కూడా. గట్టిగా లాగినా, కోతకు వాడే విద్యుత్ పరికరపు వేడి తగిలినా, రక్తం కారుతున్నప్పుడు కంగారుగా క్లాంపు వేసినా అది దెబ్బతింటుంది. తెగిన నరం తిరిగి రావడం కష్టం. సాగిన నరం, వేడి తగిలిన నరం చాలావరకు నెలల మీద కోలుకుంటుంది.

ఈ పొర విలువ వైద్యలోకానికి తెలిసి అట్టే కాలం కాలేదు. ఇంగ్లాండులో ఎర్నెస్ట్ మైల్స్ 1908లో వివరించిన శస్త్రచికిత్సలో మలాశయంతో పాటు మలద్వారాన్నీ తీసివేసి శాశ్వతంగా స్టోమా (మలం సంచిలోకి రావడానికి పొట్ట మీద చేసే ద్వారం) పెట్టేవారు. దశాబ్దాల పాటు అదే ప్రామాణికంగా సాగింది. కటి లోతుల్లో చాలామంది సర్జన్లు కంటికి కనబడక, చేత్తో తడుముతూ విడదీసేవారు. కొవ్వు సంచి చిరిగేది, నరాలు తెగేవి, అంత చేసినా క్యాన్సర్ అదే చోట మళ్ళీ వచ్చేది. బేసింగ్‌స్టోక్ పట్టణపు సర్జన్ రిచర్డ్ హీల్డ్ 1982లో ఈ సంచిని చిరగకుండా, కంటితో చూస్తూ, పదునైన పరికరంతో మొత్తంగా తీయాలని రాశారు. దాన్ని టోటల్ మీసోరెక్టల్ ఎక్సిషన్, పొట్టిగా టీఎంఈ అంటారు. ఆ పొరల మధ్య దారికి ఆయన "పవిత్ర తలం" అని పేరు పెట్టారు. అదే 1982లో అమెరికాలో పాట్రిక్ వాల్ష్, స్తంభనకు తోడ్పడే నరాలు ప్రోస్టేట్ (పురుషుల్లో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పక్కగా ఏ దారిన వెళతాయో తెలుసుకొని, వాటిని ఉద్దేశపూర్వకంగా కాపాడుతూ ప్రోస్టేట్ శస్త్రచికిత్స చేశారు. జపాన్ సర్జన్లు కటి పక్కగోడల మీది లింఫు గ్రంథులను కూడా విస్తృతంగా తీసేవారు. రోగులకు మూత్రం, దాంపత్య ఇబ్బందులు బాగా ఎక్కువవడం చూసి, 1980లలో వారే నరాలను ఒక్కొక్కటిగా గుర్తించి కాపాడే పద్ధతులు తీర్చిదిద్దారు. మీ బంధువుకు ఆపరేషన్ ఏ సంవత్సరంలో జరిగిందో, గడ్డ ఎంత కింద ఉందో, మలద్వారం తీసేశారో లేదో కనుక్కోండి. ఆయన అనుభవం నిజమే కావచ్చు, కానీ ఆయన గడ్డ వేరు, మీవారి గడ్డ వేరు.

ఇక మీవారి విషయం. ఈ శస్త్రచికిత్సలో నరాలకు ప్రమాదం ఉన్న చోట్లు ముఖ్యంగా నాలుగు. రక్తనాళాన్ని మొదట్లో కట్టివేసే చోటు ఒకటి, త్రికాస్థి పైఅంచు దగ్గర నరాలు చీలే చోటు రెండోది. ఈ రెండూ పైన, వెలుతురులో ఉంటాయి. అనుభవమున్న సర్జన్ వీటిని దాదాపు ఎప్పుడూ కాపాడగలుగుతారు. మూడోది పక్కగోడ మీది నరాల వల. మలాశయాన్ని మరీ గట్టిగా ఒక పక్కకు లాగితే ఆ వల కూడా దానితోపాటు వచ్చి కోతకు దొరుకుతుంది. నాలుగోది ముందు వైపు, వీర్యకోశాలకూ ప్రోస్టేట్‌కూ మలాశయానికీ నడుమ ఉన్న ఇరుకు జాగా. పురుషుల కటి సన్నగా, లోతుగా ఉంటుంది. అక్కడ డెనాన్‌విలియర్స్ పొర అనే పలుచని తెర ఒకటి ఉంది. స్తంభన నరాలు ఆ తెర రెండు చివరలా, గడియారపు ముఖం మీద 10, 2 అంకెలు ఉండే చోట్లలో వెళతాయి. గడ్డ వెనుక గోడకు ఉంటే సర్జన్ ఆ తెరను ప్రోస్టేట్ వైపే వదిలివేసి నరాలకు దూరంగా ఉండగలరు. గడ్డ ముందు గోడకు ఉన్నప్పుడు, క్యాన్సర్ అంచు శుభ్రంగా రావడానికి ఆ తెరను కూడా గడ్డతో కలిపి తీయవలసి రావచ్చు. మీవారి గడ్డ ముందు గోడకు, ఎడమ పక్కగా ఉంది. కాబట్టి పైనున్న నరాలకు భయం తక్కువ, కుడి వైపు నరాలకు కూడా తక్కువే. ముందు ఎడమ మూలలో మాత్రం రాజీ పడవలసి రావచ్చు.

ఆ రాజీ ఎలా ఉండాలన్న విషయంలో నాకు సందేహం లేదు. తీసిన భాగపు బయటి అంచుకు గడ్డ ఒక మిల్లీమీటరు లోపే ఉంటే క్యాన్సర్ తిరిగి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. అంతటి దగ్గరతనం ఎంఆర్ఐలో కనిపించిన చోట నరాన్ని వదులుకోవాలి, క్యాన్సర్‌ను వదలకూడదు. అయితే ఒక మూలలో ప్రమాదం ఉన్నంత మాత్రాన అన్ని నరాలనూ వదులుకోనక్కర లేదు. ఒక వైపు నరాలు చక్కగా నిలిస్తే మూత్రం పోవడానికి చాలామందిలో అది సరిపోతుంది, లైంగిక శక్తి కూడా కొంత నిలుస్తుంది. రేడియేషన్ ముగిసిన తరువాత మళ్ళీ ఎంఆర్ఐ తీశారా, గడ్డ ఎంత కుంచించుకుపోయింది, ముందు తెరకూ గడ్డకూ ఇప్పుడు ఎంత ఎడం ఉంది అని అడగండి. "నరాలు కాపాడతారా?" అని అడిగితే "ప్రయత్నిస్తాం" అన్న జవాబే వస్తుంది. "ముందు ఎడమ వైపు నరాలను కాపాడగలరని ఎంఆర్ఐ చూస్తే మీకు అనిపిస్తోందా?" అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

ఆశలు కూడా కొలత ప్రకారం ఉండాలి కనుక అంకెలు చెప్పక తప్పదు. నెదర్లాండ్స్‌లో 1996 నుంచి 1999 వరకు 1,800 మందికి పైగా రోగులతో, టీఎంఈలో శిక్షణ పొందిన సర్జన్లతో పెద్ద అధ్యయనం జరిగింది. శస్త్రచికిత్సకు ముందు వారం రోజుల రేడియేషన్ ఇచ్చినవారిలో రెండేళ్ళలో క్యాన్సర్ అదే చోట తిరిగి వచ్చింది 2.4 శాతం మందికి, రేడియేషన్ ఇవ్వనివారిలో 8.2 శాతం మందికి. క్యాన్సర్ పరంగా ఇది గొప్ప ఫలితం. అయినా ఆ అధ్యయనంలోని పురుషుల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు తమ లైంగిక జీవితం మునుపటికంటే తగ్గిందన్నారు. ఇందులో కొద్దిగా తగ్గినవారూ ఉన్నారు, పూర్తిగా పోయినవారూ ఉన్నారు. నరాలకు దెబ్బ, ఎక్కువ రక్తస్రావం, ప్రేగును తిరిగి కలిపిన అతుకు నుంచి కారడం, రేడియేషన్, స్టోమా ఉండటం అందుకు కారణాలుగా తేలాయి. సర్జన్ చేయి ఎంత మంచిదైనా రేడియేషన్ ప్రభావం వేరేగా ఉంటుందనీ, అది వెంటనే కాక నెమ్మదిగా, ఏళ్ళ మీద కూడా బయటపడుతుందనీ మీరు తెలుసుకోవాలి. వయస్సు, మధుమేహం, పొగతాగే అలవాటు, ముందునుంచీ ఉన్న బలహీనత కూడా ఫలితాన్ని మారుస్తాయి. 51 ఏళ్ళ వయస్సు మీవారికి అనుకూలమైన అంశమే.

రోబో గురించి అడిగారు. కటి లోతుల్లో రోబో చూపు స్థిరంగా, పెద్దదిగా ఉంటుంది, దాని చేతి మణికట్టు ఎటైనా తిరుగుతుంది. ఇరుకు కటి ఉన్న పురుషులకు అది మేలు చేస్తుందని భావించడం సహజం. అయితే 471 మందితో జరిగి 2017లో వెలువడిన రోలార్ అధ్యయనంలో రోబోకూ మామూలు లాపరోస్కోపీకీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే శస్త్రచికిత్సకూ) మధ్య మూత్రం విషయంలో కాని, లైంగిక శక్తి విషయంలో కాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తరువాత చైనాలో అంతకంటే పెద్ద అధ్యయనం జరిగింది, అందులో రోబోకు కొంత మొగ్గు కనిపించింది. రోబో మీద ఏడాదికి కొద్దిమందికి మాత్రమే మలాశయ శస్త్రచికిత్స చేసే సర్జన్ కంటే, లాపరోస్కోపీతో వారంవారం చేసే సర్జన్ దగ్గరికి నేను నా సొంతవాళ్ళను పంపుతాను. యంత్రం ఏదని కాక, ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని టీఎంఈలు చేస్తారో అడగండి. అది అమర్యాద కాదు. మంచి సర్జన్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇప్పుడు ఆపరేషన్ తరువాతి సంగతులు. మొదట ఎదురయ్యేది మూత్రం. లోపల పెట్టిన మూత్రపు గొట్టాన్ని కొద్దిరోజుల్లో తీస్తారు. తీసిన తరువాత మూత్రం పోసి, వెంటనే అల్ట్రాసౌండ్‌తో లోపల ఎంత మిగిలిందో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా ఇంటికి రాకండి. నేను చూసిన ఒక రోగి ఆరో రోజున ఎంతో సంతోషంగా "మూత్రం బాగా వస్తోంది, పగలూ రాత్రీ కలిపి ఇరవైసార్లు వెళ్ళాను" అన్నాడు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా ఉబ్బి ఉంది. నిండిన కుండ అంచు మీంచి పొర్లినట్లు అతనికి పొంగి కారుతోందే కాని మూత్రాశయం ముడుచుకోవడం లేదు. అలా రోజుల తరబడి సాగిపోతే మూత్రాశయపు కండరం సాగి, కోలుకోవలసినది కూడా కోలుకోదు. మాటిమాటికీ కొద్దికొద్దిగా రావడం, పొత్తికడుపు బరువు, పడుకున్నప్పుడు తెలియకుండా తడవడం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మూత్రం నిలిచిపోయినవారికి కొన్ని వారాల పాటు రోజుకు కొన్నిసార్లు శుభ్రమైన సన్నని గొట్టంతో తామే మూత్రం తీసుకోవడం నేర్పుతారు. విన్నప్పుడు భయం వేస్తుంది కాని రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో దాని అవసరం తీరిపోతుంది. జీవితాంతం గొట్టంతో ఉండవలసి వచ్చేవారు తక్కువ.

దాంపత్యం విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. మొదటి నెలల్లో స్తంభన లేకపోయినా అది చివరి తీర్పు కాదు. నరాలు నిలిచి ఉంటే ఏడాది, రెండేళ్ళ వరకు మెరుగవుతూ రావచ్చు. ఈలోగా చికిత్స లేకుండా ఎదురుచూస్తూ కూర్చోనక్కర లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మలాశయం తీసిన పురుషుల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో (2002), సిల్డెనాఫిల్ మాత్ర వాడిన 14 మందిలో 11 మందికి స్తంభన మెరుగుపడింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 18 మందిలో ముగ్గురికే మెరుగుపడింది. అయితే గుండె నొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్రను ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు, రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. మాత్ర పనిచేయని వారికి వాక్యూమ్ పరికరం, ఇంజెక్షన్, చివరగా ఇంప్లాంట్ ఉన్నాయి. వీటిని చూసేది యూరాలజిస్టు. క్యాన్సర్ సర్జన్ తనంతట తాను అటు పంపకపోతే మీరే అడగండి. స్ఖలనంలో వీర్యం రాకపోతే దానివల్ల ఆరోగ్యానికి హాని ఏదీ లేదు, సుఖం కూడా చాలామందికి మిగిలే ఉంటుంది. పిల్లలు కావాలనుకునే చిన్న వయస్సు రోగులు మాత్రం రేడియేషన్ మొదలుకాక ముందే వీర్యాన్ని భద్రపరుచుకోవాలి. ఈ సంగతి వారికి ఎవరూ చెప్పకపోవడం నన్ను తరచు బాధపెడుతుంది.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది, ఏడాది గడిచాక దంపతులు నాతో ఎక్కువగా మాట్లాడేది దాని గురించే. మలాశయం మలాన్ని నిలవ ఉంచే చోటు. దాన్ని చాలావరకు తీసి పెద్దప్రేగును కిందికి తెచ్చి కలిపినప్పుడు ఆ నిలవ శక్తి తగ్గుతుంది. మలం ఒక్కసారిగా తోసుకురావడం, గంటలో నాలుగైదుసార్లు వెళ్ళవలసి రావడం, గాలిని ఆపుకోలేకపోవడం మొదలవుతాయి. గడ్డ ఎంత కింద ఉంటే, రేడియేషన్ ఇచ్చి ఉంటే, ఇది అంత ఎక్కువ. డెన్మార్క్ వైద్యులు 2012లో దీన్ని కొలవడానికి అయిదు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 42కు 30 గాని అంతకు మించి గాని వస్తే తీవ్రమైనట్లు లెక్క. అతుకు మానడానికి సాధారణంగా కొన్ని నెలల పాటు పొట్ట మీద తాత్కాలిక స్టోమా పెడతారు కనుక ఈ ఇబ్బంది అసలు రూపం దాన్ని మూసిన తరువాతే తెలుస్తుంది. మొదటి ఏడాదిలో చాలావరకు నెమ్మదిస్తుంది. మలాన్ని గట్టిపరచే మందులు, కటి కండరాల వ్యాయామం, అవసరమైతే నీటితో ప్రేగును శుభ్రం చేసుకునే పద్ధతి పనికివస్తాయి. స్టోమా మూయకముందే ఆ వ్యాయామం నేర్పించమనండి.

ఈ జబ్బు వచ్చిన స్త్రీలు కూడా ఇది చదువుతారు కనుక ఒక మాట. నరాలు స్త్రీలకూ అవే, దెబ్బ తగిలే చోట్లూ అవే. యోని పొడిబారడం, స్పందన తగ్గడం, కలయికలో నొప్పి వస్తాయి. రేడియేషన్ వల్ల యోని బిగుసుకుపోవచ్చు, అండాశయాలు పనిమాని నెలసరి ముందుగానే ఆగిపోవచ్చు. క్రీములు, తేమనిచ్చే జెల్లులు, యోనిని మెల్లగా సాగదీసే డైలేటర్లతో చికిత్స ఉంది. పురుషులను ఈ సంగతి అడిగే డాక్టర్లు కొందరైనా ఉన్నారు, స్త్రీలను అడిగేవారు ఇంకా తక్కువ. ఎవరూ అడగలేదని ఊరుకోవద్దు.

మీవారు ఆపరేషన్ వద్దన్నారు. ఆ మాటను కొట్టిపారేయకండి, దానికి వైద్యపరంగా కూడా ఒక సరైన ప్రశ్న ఉంది. రేడియేషన్, కీమో తరువాత కొంతమందిలో గడ్డ పూర్తిగా కనుమరుగవుతుంది. వేలితో పరీక్షించినా, ఎండోస్కోపీలో చూసినా, ఎంఆర్ఐలో వెతికినా ఏమీ దొరకనివారికి వెంటనే కోయకుండా కనిపెట్టి ఉండే పద్ధతిని బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబ్ర్-గామా ముందుకు తెచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో అనుసరిస్తున్నారు. అలాంటివారిలో నలుగురిలో ఒకరికి సుమారుగా గడ్డ మళ్ళీ పెరుగుతుంది, ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. అందుకే కొన్ని నెలలకొకసారి క్రమం తప్పకుండా పరీక్షలకు రావాలి. మీవారికి గడ్డ పూర్తిగా పోయిందా, కొంత మిగిలిందా అన్నది డాక్టర్లు చూసి చెప్పవలసిన విషయం. గడ్డ మిగిలి ఉన్నా ఆపరేషన్ మానుకుంటే మాత్రం నరాలు కూడా దక్కవు. పెరిగే క్యాన్సర్ ఆ నరాలనే, ఆ మూత్రాశయాన్నే కబళిస్తుంది. ఆ నొప్పి భరించరానిది.

మీ చివరి ప్రశ్న. ఈ మాటను ఆయన మగతనం గురించిన మాటగా మొదలుపెట్టకండి. "డాక్టర్ గారిని అడగడానికి నేను కొన్ని ప్రశ్నలు రాసుకున్నాను, ఒకసారి చూసి పెట్టండి" అని కాగితం ఆయన చేతిలో పెట్టండి. రేడియేషన్ తరువాతి ఎంఆర్ఐలో గడ్డ ఎంత ఉంది, ముందు ఎడమ వైపు నరాల గురించి మీ అంచనా ఏమిటి, మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, గొట్టం తీశాక మిగిలిన మూత్రం కొలుస్తారా, ఇబ్బంది వస్తే యూరాలజిస్టు ఎవరు. ఈ అయిదు చాలు. ఆరోదాన్ని ఆయననే రాయమనండి. డాక్టరు గదిలో మొదట ఇద్దరూ కూర్చోండి, తరువాత ఒక అయిదు నిమిషాలు మీరు బయటికి రండి. భార్య ఎదుట అడగలేనిది డాక్టరు ఒక్కరే ఉన్నప్పుడు అడిగే మగవాళ్ళు చాలామంది. మూత్రానికి, స్తంభనకు సంబంధించిన ప్రశ్నావళులు రెండు ఉంటాయి, వాటిని ఆపరేషన్‌కు ముందే నింపించి కేసు షీటులో పెట్టించండి. ముందు ఎలా ఉండేదో రాసి లేకపోతే, తరువాత ఎంత తగ్గిందో, ఎంత తిరిగి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ అపాయింట్‌మెంటు కోసం రేపే ఫోన్ చేయండి. ఈ మూడు వారాల్లో మొదటి వారంలోనే అది జరిగితే ఎంఆర్ఐని తిరిగి చూడటానికి, కావాలంటే మరో సర్జన్ అభిప్రాయం తీసుకోవడానికి, మీవారు తన ఆరో ప్రశ్న అడగడానికి సమయం మిగులుతుంది.